వెనక వైపర్ సగంలో ఆగిపోతోందా? మోటార్ కొనే ముందు ఇది చూడండి

రాజాం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కారు పాతది, హ్యాచ్‌బ్యాక్. వెనక వైపర్ వేస్తే సగం దాకా వచ్చి ఆగిపోతోంది. కాసేపు వదిలేస్తే మళ్లీ దానంతట అదే కదులుతోంది. మెకానిక్ చూసి మోటార్ పోయింది, కొత్తది వేయాలన్నాడు. వేయించాలా, లేకపోతే వైపరే పీకించేసి తిరగొచ్చా?

ఇప్పుడే మోటార్ కొనకండి. కాసేపాగి మళ్లీ కదులుతోందని మీరే రాశారు కదా, అసలు సంగతి అందులోనే ఉంది. కాలిపోయిన మోటార్ అలా మళ్లీ లేవదు. చాలా వైపర్ మోటార్లలో వేడి ఎక్కువైతే కరెంటు తెంచేసే చిన్న రేకు ఒకటి ఉంటుంది. చల్లారాక అదే మళ్లీ కలుస్తుంది. అంటే మీ మోటార్ బతికే ఉంది, మోయలేని బరువు మోస్తోంది. ఆ బరువు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుంటే చాలు.

నాకు ఇది మా బావగారి కారుతో తెలిసింది. వాళ్ల ఊరు కళింగపట్నం దగ్గర, ఇంటికీ సముద్రానికీ పెద్ద దూరం లేదు. కారు పగలూ రాత్రీ బయటే ఉంటుంది. దానికీ అచ్చం మీ కారు లక్షణాలే. అక్కడా ముందు చెప్పింది మోటార్ మార్చమనే. శ్రీకాకుళంలో సెల్ఫ్, డైనమో పనులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన పానా ముట్టుకోకుండానే వైపర్ ఆర్మ్ పైకెత్తి స్విచ్ వేయమన్నాడు. బ్లేడు అద్దానికి తగలకపోయినా అది మూలుగుతూనే కదిలింది. "మోటార్‌కేటీ కాలేదు బాబూ, షాఫ్ట్ పట్టేసింది. వాడకపోతే ఇంతే" అన్నాడు. షాఫ్ట్ అంటే మోటార్ నుంచి బయటికి వచ్చి ఆర్మ్‌ని తిప్పే ఇనుప కడ్డీ.

ఆ పరీక్ష మీరూ ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఆర్మ్ అద్దం మీదనుంచి ఎంత లేస్తే అంత ఎత్తి పట్టుకుని, ఇంకొకరిని స్విచ్ వేయమనండి. చేత్తో ఆపకుండా దానితో పాటే చెయ్యి కదపాలి. అప్పుడు హాయిగా తిరిగితే తప్పు బ్లేడుది, అద్దానిది. రబ్బరు ఎండకి బిరుసెక్కి ఉంటుంది, లేదా పొడి అద్దం మీద వేసి ఉంటారు. బ్లేడు మార్చి, అద్దం శుభ్రంగా కడిగితే అయిపోతుంది. ఎత్తి పట్టుకున్నా ఈడుస్తూనే ఉంటే మాత్రం షాఫ్ట్ సంగతి చూడాల్సిందే.

షాఫ్ట్ ఎందుకు పట్టేస్తుందంటే, మోటార్ డిక్కీ డోర్ లోపల ఉంటుంది, దాని గేర్ల నుంచి వచ్చే ఇనుప కడ్డీ అద్దంలోంచో రేకులోంచో బయటికి వస్తుంది. ఆ కడ్డీ చుట్టూ అల్యూమినియం లాంటి లోహంతో పోసిన గొట్టం, పైన నీళ్లు దిగకుండా ఒక రబ్బరు రింగు. ఏళ్లు గడిచేకొద్దీ రింగు ఎండిపోతుంది, నీళ్లు దిగుతాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీళ్లు చేరితే తుప్పు మామూలు కంటే తొందరగా పుడుతుంది. గొట్టం లోపల తెల్లటి పొడి పేరుకుని కడ్డీని బిగించేస్తుంది. భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీరం ఊళ్లలో తిరిగే కార్లకి ఇది మరీ ఎక్కువ. మీరు రాజాంలో ఉన్నారు కాబట్టి సముద్రం మీద నింద వేయలేం గానీ, వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ సరిగ్గా ఆ కడ్డీ మొదట్లో పెట్టి కొడతారు చూడండి, దానికీ ఇదే ఫలితం. ఆయుధపూజ ముందు రోజు ఒక్కో సెంటర్లో కార్లు ఎలా కడుగుతారో మీకూ తెలుసు.

ఇక పని. ముందు వైపర్‌ని మామూలుగా ఆగే చోట ఆపి, బ్లేడు ఎక్కడుందో అద్దం మీద టేపు ముక్క అంటించండి. లేకపోతే తిరిగి బిగించేటప్పుడు కోణం తప్పి, బ్లేడు వెళ్లి డోర్ అంచుకి కొట్టుకుంటుంది. ఆర్మ్ మొదట్లో ప్లాస్టిక్ మూత ఎత్తితే నట్టు కనిపిస్తుంది. చాలా కార్లకి 10వ నంబర్ పానా సరిపోతుంది. నట్టు సులువుగానే వస్తుంది, ఆర్మ్ రాదు. పాత కార్లలో అసలు కష్టమంతా ఇక్కడే. షాఫ్ట్ మీది సన్నటి పళ్లకి ఆర్మ్ పట్టుకుపోయి ఉంటుంది.

ఇక్కడ చాలామంది స్క్రూడ్రైవర్ ఆర్మ్ కింద దోపి, అద్దం ఆనించి ఎత్తుతారు. దయచేసి ఆ పని చేయకండి. వెనక అద్దం టఫెన్డ్ గ్లాసు. దానికి ముందద్దంలా ఒక చోట పగులు రావడం ఉండదు, ఒక్కసారిగా పొడి పొడిగా రాలిపోతుంది. అప్పుడు మోటార్ ఖర్చు చిన్నదైపోతుంది. నట్టు రెండు మూడు చుట్లు వదులు చేసి అలాగే ఉంచండి, పూర్తిగా తీసేయొద్దు. డబ్ల్యూడీ-40 గానీ అలాంటి తుప్పు వదిలించే ఆయిల్ గానీ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఆర్మ్‌ని అటూ ఇటూ మెల్లగా ఊపుతూ పైకి లాగండి. అయినా రాకపోతే రెండు కాళ్లున్న చిన్న పుల్లర్ కావాలి. బ్యాటరీ టెర్మినల్ తీసే పుల్లర్ కూడా పనికొస్తుంది, ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. మంట మాత్రం పెట్టనివ్వకండి, పక్కనే అద్దం, రబ్బరు, పెయింటు ఉన్నాయి.

ఆర్మ్ వచ్చేశాక ఇంకోసారి స్విచ్ వేసి చూడండి. ఉత్త షాఫ్ట్ కూడా తడబడుతూ తిరుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

డిక్కీ డోర్ లోపలి ప్లాస్టిక్ ప్యానెల్ క్లిప్పుల మీద ఉంటుంది. పాత ప్లాస్టిక్ కాబట్టి కొన్ని విరుగుతాయి, నాలుగు క్లిప్పులు ముందే తెచ్చిపెట్టుకోండి. లోపల మోటార్‌ని పట్టుకుని సాధారణంగా మూడు బోల్టులు, ఒక కనెక్టర్ ఉంటాయి. బయట షాఫ్ట్ మీద ఉన్న పెద్ద నట్టు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్లో ఫోటో తీసుకుని అప్పుడు విప్పండి. కనెక్టర్ పీకే ముందు ఇంజిన్ ఆపి తాళం తీసేయడం మరవకండి.

మోటార్ చేతికొచ్చాక షాఫ్ట్ చివర సన్నటి లాక్ రింగు కనిపిస్తే దాన్ని తీస్తే కడ్డీ వదులవుతుంది. కొన్నిట్లో గేర్ మూత విప్పితే గానీ రాదు. మా బావగారి దాంట్లో గ్రీజు ఎండి బెల్లం పాకం ముదిరినట్టు గట్టిపడి ఉంది. దాన్నంతా గీకి, కిరసనాయిల్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. మోటార్ చుట్ట ఉన్న వైపు కిరసనాయిల్ పోయకండి. కడ్డీని సన్నటి ఎమరీ పేపరుతో నునుపు చేసి, గొట్టం లోపల కూడా పేపరు చుట్టి తిప్పి, తెల్ల పొడి పోయేదాకా శుభ్రం చేయాలి. వేలితో తిప్పితే కడ్డీ సులువుగా తిరగాలి. అప్పుడు లిథియం గ్రీజు పూసి బిగించండి. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికే, గ్రీజు చేసే పని అది చేయదు. కొంతమంది బయటినుంచి అదొక్కటే కొట్టి పంపించేస్తారు. ఓ నెల తిరుగుతుంది, ఆ తర్వాత మళ్లీ పట్టేస్తుంది.

రబ్బరు రింగు కొత్తది వేయండి. కారు షాపులో మోటార్‌తో పాటే వస్తుంది, విడిగా దొరకదు అంటారు. నీళ్ల మోటార్లు, పంపులు బాగుచేసే షాపులో పాత రింగు చూపించి అడగండి, అదే సైజు ఓ-రింగు ఇస్తారు. మేమూ అలాగే తెచ్చాం. అంతా కలిపి కొత్త మోటార్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక వరస పాటించాలి. మోటార్ బిగించి, కనెక్టర్ పెట్టి, ఆర్మ్ లేకుండానే స్విచ్ ఒకసారి వేసి ఆపండి. షాఫ్ట్ తన చోటికి వచ్చి ఆగుతుంది. అప్పుడు టేపు గుర్తు దగ్గర బ్లేడు వచ్చేలా ఆర్మ్ ఎక్కించండి. నట్టు మరీ బలంగా బిగిస్తే ఆర్మ్ లోపలి పళ్లు అరిగిపోతాయి. అద్దం తడిపాకే వేసి చూడండి.

ఇదే ఇబ్బంది వేరే రూపంలో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. స్విచ్ వేస్తే అసలు చప్పుడే లేకపోతే షాఫ్ట్ జోలికి పోకుండా ముందు ఫ్యూజు చూడండి. పోయి ఉంటే అదే నంబరు ఫ్యూజు వేయాలి. పెద్దది వేస్తే ఫ్యూజు బదులు వైరింగు కాలుతుంది. ఫ్యూజు బాగుంటే నా అనుమానం డిక్కీ డోర్‌కీ కారు బాడీకీ మధ్య కీలు దగ్గరుండే రబ్బరు గొట్టం మీదికి పోతుంది. డోర్ తీసి వేసిన ప్రతిసారీ అందులోని వైర్లు వంగుతాయి. ఏళ్ల తర్వాత పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగిపోతుంది. నంబర్ ప్లేటు లైటు మినుకుమినుకుమన్నా, డిక్కీ లాక్ ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోయినా ఇదే అనుకోవచ్చు. వైపర్ స్విచ్ వేసి ఉంచి డోర్‌ని మెల్లగా ఎత్తి దించుతుంటే ఏదో ఒక కోణంలో వైపర్ కదులుతుంది. అప్పుడు దొంగ దొరికినట్టే. మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుడితే మన ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది. కొత్త వైరు ముక్క కలిపి, జాయింటు ఆ వంపులో పడకుండా జరిపి, సోల్డరింగు చేసి స్లీవు వేయించండి. వైరు కూడా కార్లకి వాడే సన్నపోగుల వైరే ఉండాలి, ఇంటి వైరింగు వైరు వంగి వంగి త్వరగా విరుగుతుంది.

స్విచ్ ఆపగానే వైపర్ తన చోటికి పోకుండా ఉన్నచోటే ఆగిపోతే అది వేరే జబ్బు. స్విచ్ ఆపాక కూడా ఆర్మ్ దిగేదాకా మోటార్‌కి కరెంటు ఇచ్చే చిన్న రేకులు గేర్ మూత లోపల ఉంటాయి. అవి నల్లబడితే తుడవాలి. మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తూ ఆర్మ్ కదలకపోతే నట్టు వదులైంది, లేదా పళ్లు అరిగాయి.

వైపర్ పీకించేయడం సంగతి: చేయొచ్చు, ఆ రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టాలి, లేకపోతే నీళ్లు డిక్కీలోకి దిగుతాయి. నేనైతే పీకించను. వెనక భాగం నిటారుగా తెగిన కార్లు పోతుంటే గాలి వెనక సుడి తిరిగి, చక్రాలు లేపిన బురదని, దుమ్ముని అద్దం మీదికే లాక్కొస్తుంది. డిక్కీ పొడుగ్గా ఉన్న సెడాన్లకి ఆ బాధ తక్కువ, అందుకే వాటికి చాలావరకు వెనక వైపర్ ఇవ్వరు. టెక్కలి వైపు గ్రానైట్ దుమ్ము, గరివిడి వైపు మాంగనీసు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. పైగా మనకి అక్టోబరులో తుపాను వానలు కూడా ఉంటాయి: హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. దసరా లోపు ఈ పని చేయించుకుంటే మంచిది.

బాగైన తర్వాత వారానికి ఒకసారైనా, వాన లేకపోయినా, నీళ్లు చిమ్మి వైపర్ వేయండి. నీళ్లు చిమ్మకుండా మాత్రం వద్దు, ఆ దుమ్ము అద్దం మీద గీతలు పెడుతుంది. నీళ్లు రాకపోతే సన్నటి సూదితో నాజిల్ పొడవండి, మన బోరు నీళ్ల ఉప్పు అక్కడ గడ్డకడుతుంది. నాజిల్ బాగానే ఉండి వెనక సీటు పైకప్పు తడిగా కనిపిస్తే నీళ్ల పైపు మధ్యలో ఊడిందన్నమాట, అది కూడా చాలాసార్లు ఆ కీలు దగ్గరి గొట్టంలోనే.

మోటార్ నిజంగా పోయిన సందర్భాలూ ఉంటాయి. విప్పినప్పుడు కాలిన వాసన వచ్చినా, గేర్ పళ్లు రాలిపోయినా, బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చినా కదలకపోయినా ఇక మార్చాల్సిందే. అప్పుడు కూడా కొత్తదే అక్కర్లేదు. విశాఖలో పాత కార్ల సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. మీ పాత మోటార్ చేత్తో పట్టుకెళ్లి షాఫ్ట్ పొడవు, కనెక్టర్, దాని మీది నంబరు సరిపోల్చుకుని, అక్కడే బ్యాటరీకి తగిలించి తిప్పించి చూసుకుని తీసుకోండి.

ఆర్మ్ ఎత్తి పట్టుకుని వేసినప్పుడు ఏమైందో, కారు ఏ మోడలో ఇక్కడ రాయండి. ఆ మోడల్లో షాఫ్ట్ లాక్ రింగు బయటి నుంచి వస్తుందో, గేర్ మూత విప్పాలో అది వాడేవాళ్లు ఎవరైనా చెబుతారు.