రాయదుర్గంలో షెడ్డు పెడుతున్న పాపకు

పాపా,

నిన్న మీ నాయన ఫోన్ చేశాడు. రాయదుర్గంలో పది మిషన్లతో జీన్స్ షెడ్డు పెడుతున్నావంట. కుట్టు రాని ఆడపిల్లలను తీసుకుని నువ్వే నేర్పిస్తావంట. ఎవరు ఎట్లా నేర్చుకుంటున్నారో గ్రాఫ్ గీసి చూస్తావని కూడా చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత స్టాప్‌వాచ్ పట్టే మనిషి పుట్టిందని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వెలుతురు, నూనె, మంచి సూదులు నీకు చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు పెట్టు. ఆల్టర్‌కు, అంటే సరిచేయడానికి, వెనక్కి వచ్చిన పీసును లెక్కలో వేయొద్దు.

కుట్టే కొద్దీ టైము ఎంత తగ్గుతుందో చెప్పే లెక్క ఫ్యాక్టరీల్లో విమానాల దగ్గర మొదలైంది. చేసే విమానాల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ ఒక్కోదానికి పడే సగటు కూలి దాదాపు 20 శాతం తగ్గుతోందని 1936లో టి.పి. రైట్ అనే అమెరికా ఇంజినీరు రాశాడు. అదే 20 శాతాన్ని సగటుకు కాకుండా మన ఒక్కో పీసు టైముకే వేసుకుంటే, మొదటి జేబుకు 10 నిమిషాలు పడితే రెండోదానికి 8, నాలుగోదానికి 6.4, ఎనిమిదోదానికి 5 చిల్లర. నీ పిల్లలకూ సరిగ్గా 20 శాతమే తగ్గాలని లేదు. చేతి నేర్పు మీద నడిచే పనిలో ఎక్కువ తగ్గుతుంది, మిషన్ వేగం మీద నడిచే పనిలో తక్కువ. ఒకటో పీసు నుంచి రెండోదానికి ఒక్క అడుగే, 200 రెట్టింపు కావాలంటే మాత్రం ఇంకో 200 కుట్టాలి. అందుకే మొదటి వారం దూకుడుగా దిగిన గీత మూడో వారానికి పడుకున్నట్టు కనిపిస్తుంది. అది చూసి సోమరితనం అని నోరు పారేసుకోవద్దు. నీ నోరు నాకు తెలుసు, మీ జేజి నోరే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. లైన్ సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు నేనూ గీతలు గీసేవాడిని. అడుగున దినాలు, పక్కన నిమిషాలు. ఒక బ్యాచ్‌లో అందరూ ఆరో రోజుకి వెనక జేబును రెండు నిమిషాల్లోపు కుడుతున్నారు. ఒక పిల్ల మాత్రం 2 నిమిషాల 20 సెకన్ల దగ్గర ఉంది. పై నుంచి ఒత్తిడి. కాగితం చూపించి, 'నీకు ఈ పని పడదమ్మా' అని పంపేశాను. ఏడవలేదు. కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఉగాది సెలవుల్లో తోచక ఆ నోటుబుక్కు తీశాను. మిగతావాళ్లు ఆ ఆరు రోజుల్లో దాదాపు 400 పీసులు కుట్టారు. ఈ పిల్ల కుట్టినవి 150. ఆమెది నాలుగో నంబరు మిషన్, దారం ఊరికే తెగేది. మెకానిక్ వచ్చేదాకా ఆమె చేతులు ముడుచుకుని కూర్చునేది, నేను అటూ ఇటూ తిరుగుతూ చూసినవాడినే. దినాలు కొట్టేసి అడుగున పీసులు వేసి మళ్లీ గీశాను. నూరో పీసు దగ్గర అందరికీ మూడు నిమిషాలు, ఆమెకు 2 నిమిషాల 40 సెకన్లు. బ్యాచ్‌లో అందరికన్నా బాగా నేర్చుకుంటున్న పిల్లను నేనే గేటు దాటించాను పాపా. అంతకన్నా సిగ్గు, ఇది తెలిశాక కూడా ఆమె ఊరు కనుక్కుని వెళ్లలేదు. వెళ్తే నా తప్పు పైవాళ్లకు తెలుస్తుందని భయం.

చాలా ఏళ్లకు బళ్లారి బస్సులో కనిపించింది. నేను తల తిప్పుకున్నాను, ఆమే పలకరించింది. 'అన్నా, ఆ నాలుగో మిషన్ బాగు చేయించారా?' అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

కాబట్టి అడుగున పీసులే వేయి. మిషన్ ఆగిన టైము వేరే గడిలో రాయి. ఆ గీతలు గోడకు మాత్రం అంటించొద్దు, ఎవరిది వాళ్లకే చూపించు. పెళ్లికో జాతరకో పది రోజులు పోయి వచ్చిన పిల్ల టైము మళ్లీ పెరుగుతుంది, చేయి మరిచిపోతుంది. రెండు రోజులు ఆగు, మొదటిసారి కన్నా తొందరగా దిగుతుంది.

అప్పు ఎంత తెచ్చావో మీ నాయన చెప్పలేదు. నాకు చెప్పు, తిట్టను.

నా పాత స్టాప్‌వాచ్ మీ నాయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఆపే బటన్ కొంచెం గట్టిగా నొక్కాలి.

మీ పెద్దనాయన