దారం చుట్టి 110 మి.మీ. పైపు వ్యాసం కొలవొచ్చా, కాలిపర్ కొనాల్సిందేనా?

మీరడిగింది 110 మి.మీ. పైపు గురించి కాబట్టి దారమూ వద్దు, కాలిపరూ (రెండు దవడల మధ్య పట్టి కొలిచే పరికరం) వద్దు. కాగితం పట్టీ, గుండుసూది, 60 సెంటీమీటర్ల స్టీలు స్కేలు ఉంటే చాలు.

దారం సాగుతుంది. చుట్టేటప్పుడు బిగించి లాగుతాం, స్కేలు మీద వదులుగా పరుస్తాం. అక్కడే కొలత పోయింది. పాత టైలర్ టేపుదీ అదే జబ్బు, పైగా దాని మందం కూడా వ్యాసంలో కలిసిపోతుంది. చుట్టుకొలతను 3.1416తో భాగించాక ఒక మందం తీసేయాలని ఎవరూ చెప్పరు.

న్యూస్‌పేపర్ అంచు నుంచి రెండు సెంటీమీటర్ల వెడల్పున పట్టీ కత్తిరించండి. ఏ4 కాగితం పొడవు 297 మి.మీ. మాత్రమే, ఈ పైపు చుట్టూ రాదు. పట్టీ అంచులు తిన్నగా ఉండాలి, అసలు కిటుకంతా అందులోనే ఉంది. పైపుకు చుట్టి ఒక కొసను రెండోదాని మీదికి తెచ్చినప్పుడు అంచు మీద అంచు కూర్చుంటే పట్టీ అడ్డంగా సరిగ్గా ఉన్నట్టు. పది మి.మీ. పక్కకు జరిగితే వ్యాసంలో తేడా 0.05 మి.మీ. కూడా రాదు. అదే ముప్పై మి.మీ. జరిగితే ఈ రెండు సెంటీమీటర్ల పట్టీ కొసలు ఒకదాని మీదికొకటి రానే రావు. పట్టీ వదులైతే కొలత ఎక్కువే వస్తుంది, కాబట్టి రెండు మూడు సార్లు చుట్టి తక్కువ వచ్చినదాన్ని నమ్మండి. రెండు పొరలూ కలిసినచోట సూదితో గుచ్చి, విప్పి, రెండు రంధ్రాల మధ్య దూరం కొలవండి. స్కేలు చివర అరిగి ఉంటుంది, అందుకని సున్నా నుంచి కాకుండా 10 సెం.మీ. గీత నుంచి మొదలుపెట్టి తర్వాత ఆ 10 సెం.మీ. తీసేయండి. 346 వచ్చిందనుకోండి, 3.1416తో భాగిస్తే 110.1. స్కేలు చదవడంలో ఒక మి.మీ. తప్పినా వ్యాసంలో తప్పేది 0.3 మాత్రమే. 22/7తో భాగిస్తే తేడా 0.04 మి.మీ. దానికి కంగారుపడేవాళ్లే మళ్లీ దారంతో కొలుస్తారు!

మామూలు 150 మి.మీ. కాలిపర్ దవడల లోతు దాదాపు 40 మి.మీ. అంటే పైపు నడిమధ్య 80 మి.మీ. వ్యాసం దాటితే దవడలు అందవు. కోసిన చివర్లో పెట్టొచ్చు, కానీ రంపం వదిలిన పొట్టు అక్కడే ఉంటుంది, ప్లాస్టిక్ పైపు అణిగి కోడిగుడ్డులా అయ్యేదీ అక్కడే. పొట్టు గీకేసి, ఒకదానికొకటి లంబంగా రెండుచోట్ల కొలవాలి. పట్టీ అయితే సగటు తనంతట తనే ఇస్తుంది.

ఇంకో గోల, పైపుల పేర్లు. అరంగుళం ఇనుప పైపు బయటి వ్యాసం 21.3 మి.మీ. అరంగుళమంటే 12.7 కదా! పేరు చూసి క్లాంపు కొంటే పట్టదు.

రెండుచోట్ల ఒకే వ్యాసం వచ్చింది కాబట్టి గుండ్రంగా ఉన్నట్టే అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. మూడు ఉబ్బులున్న కడ్డీని కాలిపర్‌తో ఎటు పట్టినా ఒకే అంకె రావొచ్చు. పట్టీ కూడా మోసపోతుంది, ఎందుకంటే ఏవైపు కొలిచినా ఒకే వెడల్పు ఉండే ఆకారం చుట్టుకొలత, ఆ వెడల్పే వ్యాసంగా ఉన్న వృత్తం చుట్టుకొలతతో సమానమని ఫ్రెంచి గణితవేత్త బార్బియే 1860లోనే నిరూపించాడు. వీ-బ్లాక్‌లో (V ఆకారపు గాడి ఉన్న దిమ్మె) పెట్టి, పైన డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) ఆనించి, కడ్డీని తిప్పితేనే ముల్లు కదిలి ఆ ఉబ్బులు బయటపడతాయి.

చుట్టూ తిరగలేని పెద్ద ట్యాంకుకు మాత్రం పట్టీ పనికిరాదు. లోపలి గోడకు 400 మి.మీ. తిన్నటి బద్ద రెండు కొసలూ ఆనేలా పెట్టి (అదే జ్యా), బద్ద మధ్య నుంచి గోడకు ఎత్తు కొలవండి. 25 వస్తే, 400ను 400తో గుణించి 4×25తో భాగించి, ఆ 25 కలపండి: 1625 మి.మీ. ఆ ఎత్తును 25.5గా చదివారో, వ్యాసం 1594కు పడిపోతుంది. అందుకే బద్ద వీలైనంత పొడవుది తీసుకోండి.