అంబాసిడర్ ఆయిల్ సీల్ కావాలంటే షాపులో బండి పేరు చెప్పకండి, సైజు చెప్పండి

మీ నాన్నగారి 1978 మార్క్ 3 పెట్రోల్ బండికి ముందూ వెనకా ఆయిల్ కారుతోంది, క్రాంక్‌కి (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకి) రెండు వైపులా వేసే ఒరిజినల్ రబ్బర్ సీళ్లు ఎక్కడ దొరుకుతాయి అని కదా మీ ప్రశ్న. వెనక సీల్ కోసం వెతకడం ఇవాళే ఆపేయండి. ఆ ఇంజన్‌కి వెనక రబ్బర్ సీల్ అనేదే లేదు. లేనిదాన్ని మీకు ఎవరైనా ఇస్తామన్నారంటే ఆ షాపుకి మళ్లీ వెళ్లకండి.

మన పాత అంబాసిడర్‌లో ఉన్నది బ్రిటిష్ కంపెనీ బీఎంసీ డిజైన్ చేసిన 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్, మూడు మెయిన్ బేరింగుల మీద తిరిగే క్రాంక్. ఆ క్రాంక్ వెనక చివర మర లాంటి చుట్టు గాడి కోసి ఉంటుంది. క్రాంక్ తిరుగుతున్నంతసేపూ ఆ గాడి ఆయిల్‌ని మళ్లీ లోపలికి లాగి చాంబర్‌లోకి, అంటే అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, తోసేస్తుంది. అంతే, రబ్బరు ప్రమేయం లేదు. 1964 చివర్లో ఇదే బి-సిరీస్ వాడే బ్రిటిష్ కారు ఎంజీబీకి ఐదు బేరింగుల ఇంజన్ వచ్చినప్పుడు దానికి వెనక సీల్ పెట్టారు, ఇంటర్నెట్‌లో ఆ ఫొటోలు చూసి మనవాళ్లు ఇంగ్లండ్ నుంచి పార్శిల్ తెప్పించుకుంటున్నారు. పెట్టడానికి చోటే ఉండదు. మీ బండికి బెల్ హౌసింగ్ (ఇంజన్ వెనక క్లచ్ ఉండే డబ్బా) కింద నుంచి చుక్క పడుతుంటే చూడాల్సినవి వెనక మెయిన్ బేరింగ్ అరుగుదల, చాంబర్ చివర ఉండే కార్క్ ముక్కలు, అన్నిటికంటే ముందు బ్రీదర్, అంటే ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే దారి.

బ్రీదర్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ట్యాపెట్ సైడ్ కవర్ దగ్గర్నుంచి వచ్చే పైపు, ఆయిల్ పోసే మూతలో ఉండే జాలీ ఏళ్ల తరబడి జిడ్డు పట్టి మూసుకుపోతాయి. లోపల గ్యాస్ బయటికి పోయే దారి లేక, ఆయిల్‌ని ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి తోస్తుంది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టు మనం సీళ్లు మారుస్తూ కూర్చుంటాం. జాలీని కిరోసిన్‌లో కడిగి, పైపులోకి గాలి కొట్టించి, బండిని నాలుగు రోజులు తిప్పి చూడండి. కారడం సగానికి సగం తగ్గిన బండ్లు నాకు బాగా తెలుసు. ఐడిలింగ్‌లో మూత తీస్తే భకభకా పొగ తన్నుతోందంటే మాత్రం పిస్టన్ రింగులు అరిగాయి, అది ఇంజన్ పని, దానికి సీళ్లేం చేస్తాయి?

ఇక ముందు సీల్. ఇది నిజంగా ఉంది, ఇంజన్ ముందు పుల్లీ వెనక ఉండే టైమింగ్ కవర్‌లో ఉంటుంది, దీని మీదే నేను చెప్పాల్సింది ఎక్కువ. మా ఇంట్లో ఉన్నది మార్క్ 4, నాన్న కొన్న బండి. దానికి మెకానిక్ ఎన్నిసార్లు కొత్త సీల్ వేసినా నెల తిరక్కుండానే పుల్లీ చుట్టూ జిడ్డు, ఫ్యాన్ ఆ జిడ్డుని రేడియేటర్ మీదికి చల్లడం. స్పేర్స్ షాపులో అడిగితే "అంబాసిడర్ సీల్" అని పైన రాసి ఉన్న కవర్ ఒకటి చేతిలో పెట్టేవారు. చివరికి ఆ పుల్లీనీ టైమింగ్ కవర్‌నీ విప్పి సంచిలో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. అక్కడ బేరింగులు, ఆయిల్ సీళ్లు మాత్రమే అమ్మే షాపులుంటాయి, గోడ నిండా చిన్న చిన్న పెట్టెలు, పెట్టె మీద కంపెనీ పేరు కూడా ఉండదు, మూడు అంకెలే. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయనకి అంబాసిడర్ అనగానే చెయ్యి ఎత్తి ఆపేశారు. "బండి పేరు నాకెందుకు సార్, సైజు చెప్పండి" అన్నారు. పుల్లీ ఇచ్చాను. ఆయన కొలిచే వెర్నియర్ తీయలేదు, ముందు గుడ్డతో పుల్లీ మెడ తుడిచి బొటనవేలి గోరు దాని మీద అడ్డంగా లాగారు. టక్కున ఆగింది. నన్నూ లాగి చూడమన్నారు, నా గోరూ అక్కడే ఆగింది. సీల్ అంచు ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుని ఇనుములో గాడి పడిపోయింది. "సీల్ కొత్తదైతే ఏం లాభం, అది కూర్చునే చోటు పాతదే కదా" అన్నారాయన.

ఆ గాడికి రెండు మందులున్నాయి. పావు మిల్లీమీటరు మందం ఉండే స్టీల్ స్లీవ్‌ని పుల్లీ మెడకి తొడగడం ఒకటి, అప్పుడు పాత సైజు సీలే సరిపోతుంది. సీల్‌ని కవర్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కొట్టి అంచు అరగని చోట ఆనేలా చేయడం రెండోది, ఇది పైసా ఖర్చు లేని పని, కవర్‌లో అంత చోటు ఉంటేనే. మేం స్లీవ్ వేయించాం. ఆ తర్వాత ఆయన లోపలి కొలత, బయటి కొలత, మందం, ఈ మూడూ తీసి ఏ పేరూ లేని పెట్టెలోంచి సీల్ ఇచ్చారు. ఇప్పటికీ అదే ఉంది, పుల్లీ పొడిగా ఉంది.

కొలతల దగ్గర ఒక తిరకాసు ఉంది. ఇది ఇంగ్లిష్ డిజైన్, అన్నీ అంగుళాల్లో ఉంటాయి, షాపుల్లో మిల్లీమీటర్ సీళ్లే ఎక్కువ. ఉదాహరణకి ఒకటిన్నర అంగుళం షాఫ్ట్ అంటే 38.1 మిల్లీమీటర్లు, 38 సీల్ అంచు సాగి సర్దుకుంటుంది. బయటి కొలత రెండుంపావు అంగుళాలైతే 57.15, అక్కడ 57 సీల్ పెడితే వదులు, సీల్ పక్క నుంచే ఆయిల్ వచ్చేస్తుంది. లోపల సర్దుకోవచ్చు, బయట సర్దుకోకూడదు. బిగించేటప్పుడు స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలి, అంచుకి కాస్త ఇంజన్ ఆయిల్ రాయాలి, పుల్లీ తొడిగి కవర్ మధ్యకి వచ్చాకే బోల్టులు టైట్ చేయాలి. ఈ చివరిది మన మెకానిక్‌లు నూటికి తొంభైమంది చేయరు. కవర్ ముందే టైట్ చేసేస్తే సీల్ ఒక పక్కకి నొక్కుకుని ఆ పక్కే అరిగిపోతుంది.

రబ్బరు విషయానికొస్తే, ఇంజన్ ఆయిల్‌కి నైట్రైల్ అనే రకం చాలు. వంద డిగ్రీల దాకా హాయిగా పనిచేస్తుంది, అంబాసిడర్ ముందు సీల్‌కి అది సరిపోతుంది. రెండొందల డిగ్రీలు తట్టుకునే వైటాన్ రబ్బరు కావాలని పట్టుబట్టి డబ్బులు తగలేయకండి. ఆ డబ్బు పెట్రోల్ పైపుల మీద పెట్టండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దీన్ని ఊహించి చేసిన రబ్బరు కాదు మన బండ్లలో ఉన్నది. ఫ్యూయల్ పంప్ డయాఫ్రమ్ ఉబ్బుతుంది, పాత పైపులు మెత్తబడి లోపల పొరలు ఊడతాయి. వేడి ఇంజన్ పక్కన పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలాగే బ్రేక్ సిలిండర్‌కి వేసే ఈపీడీఎం రకం రబ్బరు వాషర్లని ఇంజన్‌లో పెట్టకండి, ఆయిల్ తగిలితే ఉబ్బిపోతాయి. చూడ్డానికి అన్నీ నల్లగానే ఉంటాయి, అనుమానం ఉంటే ఒకటి ఎక్కువ కొని రెండు మూడు రోజులు ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి వెర్నియర్‌తో కొలవండి.

"ఒరిజినల్ పాత స్టాక్" అన్న మాటకి పడిపోకండి. అంబాసిడర్ తయారైన ఉత్తరపరా ఫ్యాక్టరీ మూతబడింది 2014లో. నైట్రైల్ సరుకు చీకట్లో, కవర్‌లో జాగ్రత్తగా పెడితే ఏడేళ్లు బాగుంటుందని లెక్క. అద్దాల బీరువాలో ఎండకి ఇన్నేళ్లు ఉన్న సీల్‌ని వంచి చూడండి, అంచు దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తాయి. దానికి రెట్టింపు రేటు ఎందుకివ్వాలి?

ఇంకోటి, సిలికాన్ పేస్ట్. దీని మీద నాకు చెప్పలేనంత కోపం. ట్యాపెట్ కవర్‌కి కార్క్ ప్యాకింగ్ మార్చడానికి బద్ధకించి ట్యూబు మొత్తం పిండేస్తారు. బయటికి వచ్చింది మనకి కనిపిస్తుంది, లోపలికి వెళ్లింది ఊడి చాంబర్‌లో పడి ఆయిల్ పంప్ జాలీకి అడ్డం పడుతుంది. ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతే అప్పుడు చాలా పెద్ద ఖర్చు. కార్క్ షీట్ కొనుక్కుని కత్తిరించుకున్నా దానికంటే నయం.

కొనడానికి రాణిగంజ్ కాకపోతే విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కలకత్తా మల్లిక్ బజార్ ఉన్నాయి. కార్క్ ప్యాకింగుల సెట్ స్పేర్స్ షాపులో, సీల్ మాత్రం బేరింగ్ షాపులో కొనండి. ముందు పుల్లీ విప్పి గోరు లాగి చూసి గాడి ఉందో లేదో, బ్రీదర్ కడిగాక వెనక చుక్క తగ్గిందో లేదో ఇక్కడే కింద రాయండి. స్లీవ్ వేయాల్సి వస్తే కొలత ఎలా తీయాలో చెబుతాను.