రేషన్ బియ్యం అందరికీ వస్తుంటే ఇంకా పోషకాహారం గొడవ ఎందుకు?

రేషన్ బియ్యం అందుతున్నాయి కదా, మళ్లీ పోషకాహారం లేకపోతే సుస్థిరాభివృద్ధి లేదని ఐక్యరాజ్యసమితి ఎందుకంటోంది అని అడిగారు. నేను వైజాగ్ పెదజాలరిపేటలో పెరిగాను, మా అమ్మ ఎండుచేపలు అమ్మేది, కాబట్టి చేపల వైపు నుంచే చెప్తాను.

బియ్యంతో ఆకలి తీరుతుంది గానీ రక్తం పట్టదండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఏపీలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, వీళ్లలో చాలామంది రోజూ అన్నం తినేవాళ్లే కదా! తల్లికి రక్తం లేకపోతే బిడ్డ బరువు తక్కువతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది, ఆ బిడ్డ ఎదుగుదల, చదువు, రేపు చేసే పని అన్నిటి మీదా అది పడుతుంది. అభివృద్ధితో లింకు అక్కడే ఉంది.

2015లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ ఒప్పుకున్న 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 2వది ఆకలి లేకుండా చేయడం, 14వది సముద్రాన్ని కాపాడుకోవడం, మా పేటలో మాత్రం రెండూ ఒకే తట్టలో ఉంటాయి. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్నచేపలు ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి ముల్లులో ఉండే కాల్షియం కూడా ఒంట్లోకి పోతుంది, ఐరన్, బీ12 కూడా ఉంటాయి. బంగ్లాదేశ్‌లో ఇలాంటి చిన్నచేపల మీదే ఏళ్ల తరబడి పనిచేసిన శకుంతల థిల్‌స్టెడ్ గారికి 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు, మా అమ్మలాంటి వాళ్ల తట్టలో సరుక్కి ఆ గౌరవం దక్కినందుకు నాకు భలే సంతోషమేసింది.

బాధేంటంటే మన దేశంలో చిన్నచేపల్లో కొంత మనుషుల కంచంలోకి రాకుండా పొడైపోయి రొయ్యల మేతలోకి, కోళ్ల మేతలోకి పోతోంది, ఆ రొయ్యలేమో అమెరికాకి ఎక్స్‌పోర్ట్. రొయ్యల చెరువుల మీద బతికే కుటుంబాలున్నాయి, వాళ్లని తప్పుపట్టను, కానీ పిల్లలు తినాల్సిన చేపకి మేత రేటుతో పోటీ పెట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఇంకోటి, పెద్దచేపల పిల్లల్ని సన్నకన్ను వలలతో ఊడ్చేయడం వేరే విషయం, అది ఆపాల్సిందే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం పెట్టేది చేపలు గుడ్లు పెట్టి పెరగడానికే.

పక్కనే ఒడిశాలో మయూర్‌భంజ్ అంగన్‌వాడీల్లో ఎండుచేపలు ఇచ్చి చూశారు. మన దగ్గర గుడ్డు ఇస్తున్నారు, మంచిదే, దాంతోపాటు చేపలు తినే ఇళ్ల పిల్లలకి నెత్తళ్ల పొడి కూడా ఇవ్వొచ్చు, ఇసుక మీద కాకుండా శుభ్రంగా ఎండబెట్టే రాక్‌లు పేటల్లో వేయించి ఆడవాళ్ల దగ్గరే కొంటే వాళ్లకీ నాలుగు రూపాయలు మిగుల్తాయి.