కిటికీ కప్పు కురుస్తోంది, ఎమర్జెన్సీ ఫండ్ తీయొచ్చా?

ప్రశ్న: మాది పాత ఇల్లు. ముందు గదిలో గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన బే విండో ఉంది. వాన పడితే దాని మీది చిన్న కప్పు కురుస్తోంది. కాంట్రాక్టర్ కిటికీ మొత్తం మార్చాలంటున్నాడు. నాలుగు నెలల ఖర్చులకు సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ ఉంది. అందులోంచి తీయాలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోవాలా?

జవాబు: ముందు ఒకటి చెప్పండి, ఆ కాంట్రాక్టర్ నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాడా? మీరు రాసినదాంట్లో ఆ సంగతి లేదు. లోపలి మరక చూసి ధర చెప్పేస్తే మాత్రం ఇంకా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇలాంటి చోట తప్పు చాలాసార్లు కిటికీది కాదు, ఆ చిన్న కప్పు ఇంటి గోడను కలిసే చోట ఉండే ఫ్లాషింగ్ రేకుది. గోడ మీద జారే నీళ్లు సందులోకి దిగకుండా కప్పు మీదికి మళ్లించడమే దాని పని. ఏళ్లు గడిచాక అది తుప్పు పట్టడమో, అంచు లేవడమో, పైన పూసిన సీలెంట్ ఎండి చీలిపోవడమో జరుగుతుంది. ఇంకో తిరకాసు, నీళ్లు పై అంతస్తు కిటికీ దగ్గర దూరి గోడ లోపల్లోపలే జారి ఇక్కడ బయటపడొచ్చు. అదే అయితే కొత్త కిటికీ పెట్టించినా మరక మళ్లీ వస్తుంది.

కాబట్టి మొదటి ఖర్చు కారణం తెలుసుకోవడానికే పెట్టండి. వాన లేని రోజు ఒకరు లోపల టార్చ్‌తో నిలబడాలి, ఇంకొకరు పైపుతో నీళ్లు కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట పది పదిహేను నిమిషాలు పోస్తూ పైకి వెళ్లాలి. మొదటి చుక్క కనబడినప్పుడు పైపు ఎక్కడుందో రాసుకోండి.

ఆ తర్వాత ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి, అదీ విడివిడిగా: రేకు, కప్పు పని ఒకటి, పుచ్చిన చెక్క మార్చడానికి అడుగుకి ఇంత అని ఒకటి, లోపలి రంగు ఒకటి. చెక్క సంగతి విప్పితే కానీ తేలదు కాబట్టి 15 నుంచి 20 శాతం అదనంగా పక్కన పెట్టుకోండి. మా ఇంట్లో ఇలాగే కారితే మూడేళ్లు సీలెంట్ పూసి నెట్టుకొచ్చాను, డబ్బు మిగిల్చానని సంబరం కూడా. నాలుగో ఏడు కార్పెంటర్ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దూలంలోకి పిడి దాకా దిగింది. ఇతరులకు సలహాలిచ్చేవాడి పరిస్థితి అది!

ఇక డబ్బు. ఎమర్జెన్సీ ఫండ్ ఉన్నది ఇలాంటి వాటికే, మొహమాటం లేకుండా తీయండి, కానీ రెండు నెలల ఖర్చులు మాత్రం ముట్టుకోవద్దు. అవి పోను మిగిలింది చాలకపోతే బయటి పని ఇప్పుడు చేయించి లోపలి రంగు ఆపండి. ఎలాగూ నాలుగు వానలు చూసి, చెమ్మ ఆరాకే రంగు వేయాలి. కార్డు ఈఎంఐ వద్దు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఒక్క వాయిదా తప్పితే లెక్క మారిపోతుంది. ఇంటి బీమా ఉంటే ఏమీ విప్పకముందే ఫొటోలు తీసి పాలసీ చదవండి. గాలివానకు హఠాత్తుగా ఎగిరిపోయిన రేకుకు పరిహారం దొరకొచ్చు, ఏళ్ల తరబడి చివికిన దానికి సాధారణంగా రాదు.

ఫండ్ మళ్లీ నిండేదాకా కొత్త పెట్టుబడులు మొదలుపెట్టకండి. పైపు పరీక్షలో ఏం తేలిందో, కొటేషన్లు ఎంతెంత వచ్చాయో రాయండి, ఎంత తీయాలో అప్పుడు లెక్క కడదాం.