కడుపులోంచి పాడినట్టున్న గొంతు

‘వెతక్కుండానే దొరికి, ఇప్పటికీ మిమ్మల్ని వదలని ఆల్బమ్ ఏది?’ అని అడిగారు. నాది చెబితే సగం మంది అసలు వినరు, విన్నవాళ్లలో చాలామంది నన్ను తిట్టుకుంటారు. అయినా చెబుతాను. ఫిన్లాండ్‌లోని కుయోపియో ఊరి డెత్ మెటల్ (గర్జించే గొంతు, బరువైన గిటార్లతో సాగే రాక్ సంగీతం) బ్యాండ్ డెమిలిచ్ 1993లో తెచ్చిన ‘నెస్పిథే’. వాళ్ల పూర్తి నిడివి ఆల్బమ్ అదొక్కటే.

అప్పటికి నాకు మెటల్ అంటే మెటాలికా, ఐరన్ మెయిడెన్ లాంటి పేరున్న బ్యాండ్‌లే. వాటి కోసమే ఒక ఫ్రెండ్ పెన్‌డ్రైవ్ తీసుకుని గబగబా కాపీ చేసుకుంటుంటే, ‘న్యూ ఫోల్డర్ 3’ అనేది కూడా వెంట వచ్చేసింది. అందులో పదకొండు పాటలున్నాయి. బ్యాండ్ పేరు లేదు, బొమ్మ లేదు. చెత్త అనుకుని తీసేయబోయి, ఎందుకో మొదటిది నొక్కాను.

గిటార్ బాగానే మొదలైంది. గొంతు వచ్చేసరికి ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయనుకున్నాను. వైరు అటూ ఇటూ తిప్పి చూశాను, వేరే జత పెట్టి చూశాను, మార్పేం లేదు. సరే, ఫైలే కరప్ట్ అయి ఉంటుందనుకుని రెండో పాటకు వెళ్తే అక్కడా అదే గొంతు. అరుపు కాదు, మామూలు డెత్ మెటల్ గర్జనా కాదు. పెద్ద త్రేన్పును సాగదీసి, దాన్ని తాళంలో పెట్టి మాటలు చెప్పిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. స్పీకర్‌లో పెట్టినప్పుడు మా అక్క పక్క గదిలోంచి వచ్చి, “ఎవరికిరా కడుపులో గడబిడ?” అంది. ఆ గొంతు గురించి ఇంతకంటే సరైన రివ్యూ నేనింతవరకు చదవలేదు.

ఆ రెండో పాట పేరు నా చిన్న ప్లేయర్ తెర మీద పట్టక మెల్లగా పక్కకి జరుగుతూ పోతోంది. ‘ద సిక్స్‌టీన్త్ సిక్స్-టూత్ సన్ ఆఫ్ ఫోర్టీన్ ఫోర్-రీజనల్ డైమెన్షన్స్’. పద్నాలుగు నాలుగు-ప్రాంతాల లోకాలకు పుట్టిన, ఆరు పళ్లున్న పదహారో కొడుకట! అయిపోయిందనుకుంటే చివర బ్రాకెట్లో ‘స్టిల్ అన్‌నేమ్డ్’ అని వచ్చింది. ఇంత చెప్పి, ఇంకా పేరు పెట్టలేదంటాడు. నవ్వాగలేదు. ఆ పేరునే ఒక కాగితం మీద రాసుకుని నెట్‌లో కొడితే బ్యాండ్ ఎవరో తెలిసింది. పాటకి మామూలు పేరు పెట్టి ఉంటే ఈ ఆల్బమ్ నాకు ఎప్పటికీ ‘న్యూ ఫోల్డర్ 3’గానే మిగిలేది.

పాడినవాడు ఆంటి బోమన్, గిటార్ కూడా అతనే వాయిస్తాడు. ఆ గొంతు మీద ఏ ఎఫెక్టూ వాడలేదని ఆల్బమ్ పుస్తకంలో వాళ్లే రాసుకున్నారు. రాయకపోతే ఎవరూ నమ్మరని వాళ్లకీ తెలిసుంటుంది. ‘నెస్పిథే’ అంటే అర్థం కోసం నిఘంటువులు వెతకొద్దు. ఆ ఇంగ్లిష్ అక్షరాలను అటూ ఇటూ మారిస్తే ‘ద స్పైన్’ అవుతుంది, అంటే వెన్నెముక.

ఇదంతా చదివి ఇది జోకు ఆల్బమ్ అనుకుంటారేమో. నేనూ ఓ నెల అలాగే అనుకున్నాను. ఫ్రెండ్స్ వస్తే వినిపించి నవ్వించేవాణ్ని. అలా పదే పదే పెట్టడంలో గొంతు అలవాటైపోయి, దాని వెనకున్న గిటార్ వినబడడం మొదలైంది. ఒక రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస, మొదలవుతుంది, ఇక్కడ ముగుస్తుందని తల ఊపబోతాం, అది ఒక అడుగు ముందే తెగి పక్కకి తిరుగుతుంది. పాములా మెలికలు తిరుగుతూ పోతుంది తప్ప, ఎక్కడా చిక్కుపడదు. డ్రమ్స్ దాన్ని వదలకుండా వెంటే ఉంటాయి. ఇంత పిచ్చి రిఫ్‌ల మధ్య మామూలు గర్జన పెడితే పైకి తేలిపోయేదేమో గానీ, ఈ త్రేన్పు గొంతు ఇంకో బేస్ గిటార్‌లాగా అడుగున కలిసిపోతుంది. అది అర్థమయ్యాక నవ్వించడానికి పెట్టడం మానేశాను.

మొదటిసారి వినేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ‘వెన్ ద సన్ డ్రాంక్ ద వెయిట్ ఆఫ్ వాటర్’తో మొదలుపెట్టి, గొంతును పట్టించుకోకుండా ఎడమ చెవిలోనో కుడి చెవిలోనో ఒక్క గిటార్‌నే పట్టుకుని వెళ్లండి. మొత్తం కలిపి 40 నిమిషాలలోపే. అప్పటికీ నచ్చకపోతే మీ తప్పేం లేదు, నా తప్పూ లేదు.

ఇంకో సంగతి. నా కాపీలో ఆఖరి పాట రెండు నిమిషాలు దాటగానే ఠక్కున ఆగిపోయేది. ఇలాంటి బ్యాండ్ కదా, కావాలనే అలా తెంపేశారని ఏళ్ల తరబడి మెచ్చుకున్నాను. కొందరికి వివరించి కూడా చెప్పాను! 2014లో వాళ్ల పాత డెమోలు (ఆల్బమ్‌కి ముందు చేసిన నమూనా రికార్డింగులు), ఈ ఆల్బమ్ కలిపి ఒక సంకలనం వచ్చింది. అందులో వింటే ఆ పాట ఆగలేదు, ఇంకా సాగుతూనే ఉంది. ఆ రోజు కాపీ పూర్తవకముందే పెన్‌డ్రైవ్ లాగేసింది నేనే. ఇప్పటికీ ఆ చోటు రాగానే నా చెయ్యి దానంతటదే ఇయర్‌ఫోన్స్ తియ్యడానికి లేస్తుంది.