సర్వో కదిలితే ఆర్డ్యునో రీసెట్, అడాప్టర్ పెడితే వణుకు: కారణాలు కరెంట్, గ్రౌండ్

ఆర్డ్యునో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు)తో సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటార్) నడుపుతుంటే, యూఎస్‌బీ మీద బోర్డు రీసెట్ అవుతోందని, విడిగా అడాప్టర్ పెడితే సర్వో వణుకుతోందని మీరు చెప్పారు. ఈ రెండు సమస్యలకీ కారణాలు వేరు. యూఎస్‌బీ మీద నడిపినప్పుడు రీసెట్ అవ్వడానికి కారణం కరెంట్ చాలకపోవడం. ఆర్డ్యునో ఊనో బోర్డులో యూఎస్‌బీ దారికి 500 మిల్లీయాంప్‌ల ఫ్యూజ్ ఉంటుంది, ఎంజీ996ఆర్ లాంటి సర్వో తిరగలేక బిగుసుకుంటే 2 యాంప్‌లు దాటేస్తుంది, దాంతో వోల్టేజ్ పడిపోయి బోర్డు మళ్ళీ మొదలవుతుంది. అందుకే విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టారు, అది సరైన పనే.

కానీ ఇప్పుడు వణుకుతోందంటే దాదాపు ఖాయంగా గ్రౌండ్‌లు (మైనస్ వైపు వైర్లు) కలపలేదు. చాలామంది వదిలేసేది ఇదే. సిగ్నల్ వైరు ఒక్కటే వెళ్తే సరిపోదు, ఆ వోల్టేజ్‌ని దేనితో పోల్చి చూడాలో సర్వోకి తెలియాలి కదా.

1. అడాప్టర్ మైనస్, సర్వో బ్రౌన్ వైరు, ఆర్డ్యునో జీఎన్‌డీ (గ్రౌండ్) పిన్, మూడూ ఒకేచోట కలపండి.
2. అడాప్టర్ ప్లస్ సర్వో ఎర్ర వైరుకి మాత్రమే. యూఎస్‌బీ పెట్టి ఉండగా దాన్ని బోర్డు 5వి పిన్‌కి అస్సలు కలపొద్దు.
3. సర్వో దగ్గరే ప్లస్, మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ (ఛార్జ్ నిల్వ ఉంచే భాగం) పెట్టండి, గీత ఉన్న కాలు మైనస్‌కి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఇంకా వణికితే బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) చూడండి. కొన్నింటిలో పక్కనున్న పవర్ లైను మధ్యలో తెగి ఉంటుంది, మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి చెక్ చేయండి, బీప్ రాకపోతే మధ్యలో చిన్న జంపర్ వైరు వేయండి.